మూసిన పిడికిలి



ఒక పెద్ద వ్యాపారిని "ఆ బేరం ఎందుకు వదులుకున్నారు?" అని అడిగి చూడండి. "ఏమో, మనసొప్పలేదు" అంటాడు. అబద్ధం కాదది. ముప్ఫై ఏళ్లు గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడికి అప్పు తీర్చేదెవరో, ఎగ్గొట్టేదెవరో మాటతీరులోనే తెలిసిపోతుంది. ఎలా తెలిసిందంటే ఆయనా చెప్పలేడు.

మరి చెప్పలేని తెలివిని ఇంకొకరికి పంచడమెలా? జపాన్‌లో మత్సుషితా కంపెనీకి 1980లలో ఈ చిక్కే వచ్చింది. ఇంట్లో బ్రెడ్ చేసే యంత్రం తయారుచేస్తుంటే పిండి సరిగా కుదరడం లేదు. చివరికి ఇకుకో తనకా అనే ఉద్యోగిని ఒసాకాలోని ఒక హోటల్లో బ్రెడ్ మాస్టర్ దగ్గర శిష్యరికం చేసింది. పిండిని సాగదీస్తూ మెలితిప్పే ఆయన పనితనాన్ని పట్టుకుంది. ఇంజనీర్లతో కలిసి దాన్ని యంత్రంలోకి తెచ్చింది. పక్కన నిలబడితే వచ్చిన విద్య అది.

అయితే పక్కన నిలబడే చోటు ఎవరికుంది? 2012లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చిన ఒక అధ్యయనం మన దేశంలోని వెయ్యి పెద్ద కంపెనీల బోర్డులను లెక్కేసింది. డైరెక్టర్లలో దాదాపు 93 శాతం అగ్రకులాలవారే. ఎస్సీ, ఎస్టీలు కలిపి 3.5 శాతం. ఆ గదుల్లో, వాళ్ల పెళ్లి విందుల్లో దొర్లే మాటలు మన పిల్లల చెవిన పడవు.

మా కాలనీ కుర్రాడొకడు బ్యాంకు అప్పుతో హార్డ్‌వేర్ షాపు పెట్టాడు. డబ్బయితే దొరికింది. ఏ డీలరు ఎన్నాళ్లు అరువిస్తాడు, ఏ సీజన్లో ఎంత సరుకు దింపాలి అని చెప్పే మేనమామ వాడికి లేడు. మొదటి ఏడాదే గోడౌన్ నిండా రంగు డబ్బాలు మిగిలిపోయాయి.

ఇంకో సంగతి. "మనసొప్పలేదు" అనేది ప్రతిసారీ అనుభవమే కాదు. ఉద్యోగానికొచ్చినవాడి ఇంటిపేరు, ఊళ్లో ఇల్లు ఏ వైపో తెలిశాక మనసొప్పకపోతే, అది కులం. పైకి రెండూ ఒకేలా వినిపిస్తాయి. గురువు చెప్పాడని నమ్మొద్దు, మేలో కీడో మీరే చూసుకోండని బుద్ధుడు కాలాములకు చెప్పాడు. యజమాని మనసుకూ ఆ పరీక్ష ఉండాలి. కారణమంతా విప్పి చెప్పలేకపోవచ్చు, నిర్ణయానికి ముందు నలుగురినీ ప్రశ్నించనివ్వొచ్చు గదా!

చివరి వర్షావాసంలో వైశాలి దగ్గర బేలువ గ్రామంలో బుద్ధుడు జబ్బుపడ్డాడు. తన బోధలో లోపలివాళ్లకొకటి, బయటివాళ్లకొకటి లేదనీ, గురువుల మూసిన పిడికిలి తనకు లేదనీ అప్పుడు ఆనందుడితో అన్నాడు. పాళీలో దాన్ని ఆచరియముట్ఠి అంటారు.

ఈ మాట పైవాళ్లకేనా? మనలోంచి కాంట్రాక్టరుగా ఎదిగిన ఒకతన్ని, "టెండరుకు రేటెలా కడతావో మన కుర్రాళ్లకు నేర్పు తమ్ముడూ" అని అడిగాను.

"అది చెప్తే వచ్చేది కాదన్నా" అన్నాడు.

"చెప్పొద్దులే. ఇద్దర్ని పక్కన కూర్చోబెట్టుకో" అన్నాను.

నవ్వేసి టీ తెప్పించాడు. వచ్చే నెల మళ్లీ వెళ్తున్నా.