తోక పెంచిన విమానం

పత్రికలో నచ్చిన కాగితం కనిపిస్తే కత్తిరించి దాచుకోవటం మనకు వెన్నతో పెట్టిన విద్య. ధనుర్మాసం ముగ్గులూ, స్వెట్టరు అల్లికలూ, జాకెట్టు కత్తిరింపులూ, ఊరగాయ కొలతలూ... ఎవరింట్లోనైనా బీరువా అడుగు అర తీసి చూడండి, ఇవన్నీ పసుపురంగుకి తిరిగి, మడతల దగ్గర చిరిగి కనపడతాయి. వాటిలో సగమైనా మనం చేసి ఉండం. అయినా పారెయ్యం. "ఎప్పుడో ఒకప్పుడు చేస్తాలెండి" అని మళ్ళీ అక్కడే పెట్టేస్తాం.

మగవాళ్ళకూ ఈ జబ్బు ఉంది. వాళ్ళు దాచే కాగితాలు వేరు, అంతే. అమెరికాలో 1929లో 'మోడల్ ఎయిర్‌ప్లేన్ న్యూస్' అనీ, ఇంగ్లండులో 1935లో 'ఏరోమోడెలర్' అనీ పత్రికలు మొదలయ్యాయి. వాటి నిండా చిన్న చిన్న విమానాలు కట్టుకోవటానికి పటాలు. ఆ పటాలు ముందుపెట్టుకుని, ఎప్పుడో మూలపడిన పాత విమానాలని ఇప్పటికీ బల్లమీద కట్టుకునేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. పటం చిన్నదిగా అచ్చయితే దానిమీద గళ్ళు గీసి, పెద్ద కాగితం మీద పెద్ద గళ్ళు గీసి, ఒక్కొక్క గడిలో ఉన్న గీతని ఎత్తి రాసుకుంటారు. ఇది మనకి కొత్త విద్యేమీ కాదు. దిండుగలీబు మీద నెమలిని కుట్టటానికి మనం చేసే పని ఇదే. యాడికిలో మగ్గం మీద చీర అంచుకి గ్రాఫు కాగితం గళ్ళలోంచి పువ్వుని దించే నేతగాడు చేసే పనీ ఇదే.

యాడికి అన్నాను కాబట్టి అక్కడికే వెళదాం. అనంతపురం జిల్లాలో సున్నపురాతి కొండల పక్కన ఉన్న ఊరు. ఆ జిల్లాలో ఏడాది మొత్తం మీద కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు. అదైనా కావలసినప్పుడు కురవదు. అలాంటి ఊళ్ళో ఒక కుర్రవాడు విమానం కట్టటానికి కూచున్నాడనుకోండి. వాళ్ళ అవ్వ ఊరుకుంటుందా?

"ఏమిరా అబ్బీ, పైన వాన లేక శెనక్కాయ చేను ఎండిపోతావుంటే నీకు ఇమానాలు కావాల్సొచ్చినాయా?"

"కాదవ్వా, ఇది మన మీదుగా పొయ్యిన ఇమానమే!"

ఆ పిల్లాడి మాట ఉత్త బుకాయింపు కాదు. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి టపా సంచులు వేసుకుని, అహమ్మదాబాదు మీదుగా బొంబాయి వచ్చి దిగాడు. మన దేశపు విమాన సర్వీసుకి అది పురుడు. బొంబాయి నుంచి ఆ టపాని నెవిల్ వింట్‌సెంట్ అనే ఆయన మద్రాసుకి చేర్చాడు. దారిలో మజిలీ ఎక్కడనుకున్నారు? బళ్ళారి! అప్పట్లో అది మద్రాసు రాజధానిలోని జిల్లా ముఖ్యపట్టణం, మన అనంతపురానికి ఇరుగుపొరుగు. పటం తీసి బళ్ళారి నుంచి మద్రాసుకి స్కేలు పెట్టి గీత గీయండి, ఆ గీత అనంతపురం పక్కగానే పోతుంది. వాన కోసం ఆకాశం వైపు చూడటం ఆ సీమవాళ్ళకి పుట్టుకతో వచ్చిన అలవాటు. అలా చూసిన కళ్ళల్లో ఏ కళ్ళయినా ఆ చిన్న విమానాన్నీ చూసి ఉంటే ఆశ్చర్యం లేదు.

ఆ విమానం పేరు పస్ మాత్. డి హావిలాండ్ వాళ్ళ తయారీ. ఒంటి ఇంజను, నెత్తిమీద రెక్క, చుట్టూ మూసిన చిన్న గది. రెక్క ఈ కొసనుంచి ఆ కొసకి 36 అడుగుల 9 అంగుళాలు. అడుగుకి అంగుళం చొప్పున తగ్గించి కడితే 36 ముప్పాతిక అంగుళాలు, అంటే గజానికి రవ్వంత ఎక్కువ. జాకెట్టు గుడ్డ కొలిచినట్టు కొలుచుకోవచ్చు.

కట్టే తీరు చెబుతాను. బల్లమీద పటం పరిచి, దానిమీద మైనపు కాగితం వేస్తారు. బాల్సా అని దక్షిణ అమెరికా చెట్టు, దాని కర్ర దూదిలా తేలిక. ఆ పుల్లల్ని పటంలోని గీతల వెంబడి గుండుసూదులతో నిలిపి జిగురు పెడతారు. బాల్సా దొరకని చోట వెదురు చీలికలూ, పెళ్ళి బాసికాలకి వాడే బెండూ. పక్కటెముకల్లాంటి ముక్కలన్నీ కూర్చి అస్థిపంజరం తయారయ్యాక పైన పల్చటి కాగితం అంటించి, నీళ్ళు చిలకరిస్తారు. ఆరేకొద్దీ ఆ కాగితం ముడతలన్నీ పోయి డోలు చర్మంలా బిగుసుకుంటుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఓపిక మాత్రం సీతమ్మవారంత ఉండాలి.

ఇంతవరకూ కథ సాఫీగానే నడుస్తుంది. అసలు చిక్కు తోక దగ్గర వస్తుంది.

అసలు విమానాన్ని కొలిచి, ఏ భాగాన్ని ఎంత తగ్గించాలో అంతే తగ్గించి, పొల్లు పోకుండా కట్టారనుకోండి. అద్దాల బీరువాలో పెట్టుకోవటానికి దివ్యంగా ఉంటుంది. కానీ రబ్బరుతాడు మెలిపెట్టి వదిలితే మాత్రం చాలాసార్లు ముక్కు నేలకేసి కొట్టుకుంటుంది. ఎందుకంటే పెద్ద విమానంలో పైలటు ఉన్నాడు. గాలికి ఒక పక్కకి ఒరిగితే ఆయన చెయ్యి సర్దుతుంది. బొమ్మ విమానంలో ఎవరూ లేరు. ఒరిగితే తనంతట తానే నిలదొక్కుకోవాలి. అందుకని ఎగిరే నమూనాలు కట్టేవాళ్ళు తోకని అసలు కొలతకన్నా కాస్త పెంచుతారు. రెక్కల కొసలు ఇంకొంచెం పైకి ఎత్తుతారు. ముందరి పంకా కూడా పెద్దది పెడతారు. అప్పుడు ఎగురుతుంది.

ఇక్కడే నా ప్రశ్న. ఈ రెంటిలో ఏది నిజమైన పస్ మాత్? కొలతలన్నీ సరిపోయి ఎగరనిదా? కొలత తప్పి ఎగిరేదా?

"ఇదేం ప్రశ్నండీ, బొమ్మల గొడవ మనకెందుకు?" అంటారేమో. బొమ్మల దగ్గర ఆగితే నేనూ అడగకపోదును. కానీ పెద్దవాళ్ళు ఇచ్చిన పటం ముందుపెట్టుకుని, వాళ్ళు లేని చోట దాన్ని మళ్ళీ కట్టటమే కదండీ మనం రోజూ చేస్తున్నది! అవ్వ చేసిన ఓళిగలు, అత్తగారి నోములు, పెళ్ళి తంతులు, పిల్లల్ని పెంచే పద్ధతులు, అన్నీ పాత పటాలే. వాటిని మక్కికి మక్కిగా చేస్తే కొన్ని ఎగరవు. మార్చి చేస్తే, "మా కాలంలో ఇలా లేదమ్మా" అనే మాట సిద్ధం.

పటాన్ని మార్చకూడదు అనేవాళ్ళ మాటలో న్యాయం లేకపోలేదు. గీసినవాడు ఎంతో ఆలోచించి గీశాడు. మనకి అర్థం కాని గీతకి కూడా ఏదో కారణం ఉండవచ్చు. ఈ పుల్ల ఎందుకులే అని తీసేసినవాడికి, అది రెక్కని పట్టి ఉంచిన పుల్ల అని ఎగిరాక తెలుస్తుంది. పైగా "కాలం మారింది" అన్న మాట బద్ధకానికి మంచి దుప్పటి. పప్పు రుబ్బటానికి ఓపిక లేక మానేసి, ఆరోగ్యం కోసం మానేశానని చెప్పుకోవటం మనకి తెలియనిదా?

అయితే వాళ్ళు మరచిపోయే సంగతి ఒకటుంది. పటం అంటున్నారే, ఏ పటం? పస్ మాత్‌నే తీసుకోండి. అది వచ్చిన కొత్తలో, 1930 తర్వాత రెండు మూడేళ్ళలో, గాలి ఉధృతికి ఆకాశంలోనే రెక్క విరిగి ప్రమాదాలు జరిగాయి. మనుషులు పోయారు. నిపుణులు పరీక్షలు చేసి, రెక్కకి ఊతం ఇచ్చే కడ్డీల దగ్గర లోపం ఉందని పట్టుకుని, మరో చిన్న కడ్డీ కలిపారు. అంటే గీసినవాళ్ళే తమ పటాన్ని దిద్దారు. "మా పెద్దలు ఇలా గీశారు, మార్చటానికి మేమెంతవాళ్ళం" అని కూచుని ఉంటే ఇంకెంతమంది పోయేవారో! పెద్దలమీద గౌరవం ఉన్నవాడు వాళ్ళ గీతనే కాదు, దిద్దుకున్న వాళ్ళ బుద్ధిని కూడా అనుసరించాలి.

మరి ఎవరికి తోచినట్టు వాళ్ళు మార్చేసుకోవచ్చా? విమానాలు కట్టేవాళ్ళ దగ్గర ఒక మంచి మర్యాద ఉంది. మంచి పటం గీసేవాడు తోక పెంచితే, పెంచానని పటం మీదే రాస్తాడు. అసలు తోక ఎంతో చుక్కల గీతతో చూపించేవాళ్ళూ ఉన్నారు. బీరువాలో పెట్టుకునేవాడు చుక్కల గీత ప్రకారం కట్టుకోవచ్చు, ఎగరేసుకునేవాడు నిండు గీత ప్రకారం కట్టుకోవచ్చు. ఎవర్నీ మోసం చెయ్యలేదు.

నాకు ఈ చుక్కల గీత చాలా నచ్చింది. పాపం మార్చటంలో లేదు, మార్చి కూడా మార్చలేదని చెప్పటంలో ఉంది.

మన సంఘంలో అలా చెప్పకుండా మార్చిన తోకలు ఎన్ని లేవు! పెళ్ళిలో కట్నం సంగతి చూడండి. "తరతరాల ఆచారం" అని గంభీరంగా అంటారు. గురజాడవారి 'కన్యాశుల్కం' నాటకం మొదట ప్రదర్శించింది 1892లో. అప్పట్లో ఆ నాటకంలోని కుటుంబాల్లో డబ్బు ఇచ్చుకున్నది మగపెళ్ళివారు, ఆడపిల్లల్ని అమ్ముకున్నారు. అదీ ఘోరమే. ఆ తర్వాత డబ్బు ఇటునుంచి అటు తిరిగింది. తీసుకునే చెయ్యి మారింది, ఆచారం అన్న పేరు మాత్రం మారలేదు. పటం తలకిందులు చేసి, చుక్కల గీత ఎక్కడా వెయ్యకుండా, "మా తాతల నాటి పటం" అని చూపిస్తున్నారు. 1961లో చట్టం చేసి కట్నం తీసుకోవటం నేరమన్నా ఆ పటం ఇంకా గోడమీద వేలాడుతూనే ఉంది.

కాబట్టి ఎవరైనా "ఇది పాత పద్ధతి" అన్నా, "ఇది కొత్త పద్ధతి" అన్నా నేను రెండే ప్రశ్నలు అడగాలనుకుంటాను. మార్చినది నలుగురికీ తెలిసేలా మార్చారా? ఆ మార్పు వల్ల విమానం ఎగిరిందా, లేక కట్టినవాడి పని తేలికయ్యిందా? మొదటిది నిజాయితీ పరీక్ష. రెండోది ప్రేమ పరీక్ష. మగ్గం నేసేవాడు చీర బరువు తగ్గించటానికి పోగులు మారిస్తే కట్టుకునేవాళ్ళకి సుఖం. తన ఖర్చు తగ్గించుకోవటానికి మార్చి పాత ధరకే అమ్మితే అది వేరే లెక్క. పోగులు అవే, బుద్ధి వేరు.

ఇంకో మాట. బొమ్మ విమానానికి తోక ఎందుకు పెంచారు? లోపల పైలటు లేడు కనక. మన పాత పద్ధతులు చాలావరకు నలుగురు మనుషులున్న ఇంట్లో నడవటానికి గీసినవి. బాలింతకి నలభై రోజులు మంచం దిగకుండా చూశారంటే నీళ్ళు తోడే అవ్వ ఉంది, వండే తోడికోడలు ఉంది, పిల్లవాణ్ణి ఎత్తుకునే ఆడపడుచు ఉంది. ఇప్పుడు రెండు గదుల ఇంట్లో మొగుడూ పెళ్ళాం ఇద్దరే. ఒరిగితే సర్దే చెయ్యి లేదు. అదే పటం అలాగే కట్టమంటే ఆ పిల్ల ముక్కు నేలకి కొట్టుకోక ఏం చేస్తుంది? అక్కడ తోక పెంచాలి. పెంచినందుకు తిట్టకూడదు.

జె.ఆర్.డి. టాటా 1982లో, తన 78వ ఏట, ఆ మొదటి ప్రయాణాన్ని మళ్ళీ చేశాడు. కరాచీ నుంచి బొంబాయికి ఒంటరిగా. యాభై ఏళ్ళనాటి దారి అదే, మనిషి ఆయనే, విమానం మాత్రం పస్ మాత్ కాదు, అదే కంపెనీ చేసిన లెపర్డ్ మాత్. ఆ మాట ఎవరూ దాచలేదు. దేశంలో కుర్రవాళ్ళకి కాస్త ఆశ కలిగించాలని చేశానన్నాడాయన. 2021 అక్టోబరు 15న ఆరోహీ పండిత్ అనే యువతి మళ్ళీ ఆ ప్రయాణాన్నే తలచుకుంటూ బొంబాయిలోని జుహూకి వచ్చి దిగింది. ఆవిడ బయలుదేరింది కరాచీ నుంచి కాదు, గుజరాతులోని భుజ్ నుంచి. మొదటిసారికి విమానం మారింది, రెండోసారికి ఊరు మారింది, మనిషి మారింది, మగవాడి చోట ఆడపిల్ల వచ్చింది. అయినా చూసినవాళ్ళెవరికీ అది నకిలీ అనిపించలేదు. ఆనాటి ధైర్యం కొలత తగ్గకుండా ఉంది కనక.

అవ్వ ఓళిగల కొలత కూతురికి రాసిచ్చేటప్పుడు నాకు తోచిన సలహా ఒకటే. మీరు బెల్లం తగ్గించారా? తగ్గించండి, తప్పులేదు. పక్కన చిన్న అక్షరాలతో "అవ్వ వేసింది సేరు, నేను వేసేది ముప్పావు, మీ నాన్నకి చక్కెర జబ్బు కాబట్టి" అని రాసి పెట్టండి. ఆ పిల్లకి అవ్వా తెలుస్తుంది, అమ్మా తెలుస్తుంది. తన వంతు వచ్చినప్పుడు ఎంత వెయ్యాలో అదే చూసుకుంటుంది.