తరగతి గదిలో సాక్ష్యము



మన సంఘములలో ఉపాధ్యాయులు చాలమంది ఉన్నారు. బెంగుళూరులోనైనా, చెన్నైలోనైనా, ముంబైలోనైనా, యానాంలోనైనా సండేస్కూలు నడిపేవారిలో, పాటలు ఎత్తేవారిలో, పాస్టరుగారు ఊరిలో లేనప్పుడు వాక్యము చెప్పేవారిలో టీచర్లు తప్పక కనబడతారు. వీరి మనస్సును నలిపే ప్రశ్న ఒకటున్నది. ఆదివారము గుడిలో చేసేది పరిచర్య అయితే, సోమవారము మొదలుకొని బడిలో చేసేది ఏమిటి? అది జీతము కొరకేనా? అదియు పరిచర్యయే అయితే, నలభై యాభైమంది పిల్లలు ప్రతిదినము మన ఎదుట కూర్చుండగా, క్రీస్తును గూర్చి ఒక్క మాటైనా చెప్పక, లెక్కలు, సోషలు చెప్పి ఇంటికి వచ్చుట దీపమును కుంచము క్రింద పెట్టుట కాదా?

దీనికి కొందరు వెంటనే చట్టమును చూపిస్తారు. మన రాజ్యాంగము 28వ అధికరణము ప్రకారము పూర్తిగా ప్రభుత్వ ధనముతో నడిచే బడిలో మతబోధ చేయరాదు. ప్రభుత్వ గుర్తింపుగాని సహాయముగాని పొందిన ఇతర బడులలోను, తల్లిదండ్రుల సమ్మతి లేకుండ ఏ పిల్లవానిని మతబోధకు గాని ప్రార్థనకు గాని కూర్చుండబెట్టరాదు. ఇది నిజమే. అయితే చట్టమునకు భయపడి ఊరకుండుట ఒకటి, మన విశ్వాసమే మనలను ఆపుట వేరొకటి. నేను చెప్పదలచినది రెండవదానిని గూర్చి.

మనము బాప్టిస్టులము. పసిబిడ్డలకు బాప్తిస్మము ఇయ్యము. మన కడుపున పుట్టిన బిడ్డయైనను, తానే తెలిసికొని, తానే నమ్మి, తన నోటితో ఒప్పుకొనువరకు కాచుకొని ఉంటాము. తల్లి విశ్వాసము బిడ్డకు సరిపోదని, బలవంతము వలన కలిగినది విశ్వాసము కాదని మన పితరులు నేర్పించారు. మన సొంత బిడ్డ విషయములోనే ఇంత ఓర్పు చూపే మనము, మనలను నమ్మి పొరుగువాడు బడికి పంపిన బిడ్డ విషయములో తొందరపడుట న్యాయమా?

మన ఒంగోలు చరిత్రలో దీనికి సాదృశ్యమున్నది. 1876-78 సంవత్సరముల గొప్ప కరవులో డాక్టరు క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కాంట్రాక్టు తీసికొని వేలాదిమందికి పని కల్పించారు. అప్పుడు బాప్తిస్మము కోరినవారు ఎందరో ఉన్నారు. అయినను ఆ సహాయము సాగినంతకాలము ఆయన బాప్తిస్మములు ఆపివేశారు. కూలి డబ్బులు పంచువాని ముఖము చూచి ఆకలిగొన్నవాడు కాదనలేడు గదా! సహాయము ముగిసిన తరువాతనే వచ్చినవారిని చేర్చుకొన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కదినమే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఈ సంఖ్యను మనము సభలలో సంతోషముగా చెప్పుకొంటాము. దానికి ముందు కాచుకొని ఉన్న నెలలను మరచిపోతాము. ఆ కాచుకొనుట వలననే ఆ సంఖ్యకు విలువ వచ్చినది.

తరగతి గదిలో మన చేతిలో కూలి డబ్బులు లేవు గాని మార్కులున్నవి. మెప్పున్నది. పదిమందిలో చిన్నబుచ్చగల మాట ఉన్నది. పదేండ్ల పిల్లవాడు టీచరుకు కాదని చెప్పగలడా? కాదనలేని వాని చేత అవుననిపించుట సువార్త పని కాదు. యోహాను 6వ అధ్యాయములో అనేకులు ప్రభువును విడిచి వెళ్లినప్పుడు ఆయన ఎవరి చేయి పట్టుకొని ఆపలేదు. మిగిలిన పన్నెండుమందిని సహితము, మీకును వెళ్ళుటకు మనస్సున్నదా అన్నట్టుగా అడిగెను. లోకములోని బోధకులందరికి బోధకుడైనవాడే తన శిష్యులకు వెళ్లే దారి తెరచి ఉంచెను.

అట్లయితే సాక్ష్యము ఎక్కడ? మత్తయి 5:16 చదువుడి. వెలుగును మనుష్యులు మన క్రియలలో చూడవలెనని ప్రభువు సెలవిచ్చెను. గంట కొట్టకముందే బడిలో ఉండుట. పాఠము చూచుకొని వెళ్ళుట. చివరి బల్ల మీద కూర్చున్న పాకీపని వారి బిడ్డను పేరు పెట్టి పిలుచుట. మన సంఘపు బిడ్డకు ఒక మార్కు ఎక్కువ, వేరొక బిడ్డకు ఒక మార్కు తక్కువ వేయకుండుట. దొంగ త్రాసును గూర్చి సామెతలు 11:1 చెప్పినది కోమటి కొట్టుకే కాదు, ఎర్ర సిరా కలముకును వర్తించును.

ఇక్కడ మనలో మనము మాటలాడుకొనవలసిన సంగతులు కొన్ని ఉన్నవి. కూటములకు వెళ్ళుటకు కొందరు జబ్బు అని వ్రాసి మెడికల్ లీవు పెడతారు. దేవుని పనికే గదా అంటారు. అబద్ధపు సర్టిఫికెట్టు మీద దేవుని పని నిలుచునా? ఆ వారము రోజులు పాఠము పోగొట్టుకొన్న పిల్లలు ఎవరి బిడ్డలు? మరికొందరు బడిలో సగము చెప్పి, మిగిలిన సగము సాయంకాలము ట్యూషనులో అమ్ముతారు. 2009 నాటి విద్యాహక్కు చట్టము పిల్లలను కొట్టుటను నిషేధించినట్టే, ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషను చెప్పుటను నిషేధించినది. ఆ చట్టమునకు ఎంతో ముందే రెండవ రాజుల గ్రంథము 5వ అధ్యాయము మన ఎదుట ఉన్నది. అన్యుడైన నయమాను స్వస్థపడినప్పుడు ఎలీషా ఏమియు పుచ్చుకొనలేదు. గేహజీ వెనుక పరుగెత్తి వెండిని, బట్టలను తెచ్చుకొనెను. వాటితో కుష్ఠును తెచ్చుకొనెను. ఉచితముగా అందవలసినదానికి వెల కట్టినందున ఆ పరదేశి యెదుట దేవుని కృపకే మచ్చ తెచ్చెను.

మనమున్న ఊళ్ళలో ఈ మాట మరి ముఖ్యము. భాషలోను కొద్దిమందిమి, విశ్వాసములోను కొద్దిమందిమి. కన్నడ తల్లిగాని, ఒడియా తండ్రిగాని మన గుడిలోనికి వచ్చి ప్రసంగము వినరు. వారు చూచే సంఘము మన టీచరమ్మే. ఆమె న్యాయము తప్పితే, వారి లెక్కలో సంఘమే తప్పినట్టు.

మరి నోరు తెరువనే వద్దా? వద్దని నేననను. 1 పేతురు 3:15 ప్రకారము, మన నిరీక్షణకు హేతువు అడుగువారికి సాత్వికముతో జవాబు చెప్పుటకు ఎల్లప్పుడు సిద్ధముగా ఉండవలెను. అడుగువారికి అను మాటను గమనించుడి. అడిగినవాడు మన చేతి క్రింది బిడ్డ అయితే, నీ తల్లిదండ్రులతో కలిసి మా ఇంటికి రమ్మని చెప్పవచ్చును. పెరిగి పెద్దవాడై తన కాళ్ళ మీద నిలబడినవాడు అడిగితే, మన దగ్గర అతనికి భయపడవలసినది ఏమియు లేదు గనుక, సంతోషముగా చెప్పుదము. అయితే ఒకటి. మనము అడుగదగినట్టు బ్రదికితేనే ఎవరైనను అడుగుతారు.

బోధకులమైన మనకు మరి కఠినమైన తీర్పు కలుగునని యాకోబు 3:1 హెచ్చరించుచున్నది. ఆ తీర్పు దినమున మనము ఎంతమందికి బోధించితిమో మాత్రమే కాక, మన చేతికి అప్పగింపబడిన ఒక్కొక్క బిడ్డను ఎట్లు చూచితిమో కూడ లెక్క అప్పగింపవలెను. ఆ లెక్క నమ్మకముగా అప్పగించు కృప ప్రభువు మన ఉపాధ్యాయులందరికి దయచేయును గాక. ఆమేన్.