పేపర్లో అభ్యర్థి కులం – మన సమ్యక్ వాక్కు



ఎలక్షన్లప్పుడు మన నారాయణపేటలో పొద్దుగాల చాయ్ హోటల్ కాడ పేపర్ తిరగేసి చూడండి. "సామాజిక సమీకరణాలు" అని వార్త ఉంటుంది. ఏ కులానికి ఎన్ని ఓట్లు, ఎవరు ఎటు మొగ్గుతారు అని లెక్క. అందులో ఒకాయన "సీనియర్ నాయకుడు", ఇంకొకాయన "పారిశ్రామికవేత్త". మనోడు మాత్రం "దళిత నేత". ఆయన చేసిన పని ఏమైనట్టు?

2017 రాష్ట్రపతి ఎన్నిక గుర్తు తెచ్చుకోండి. రామ్‌నాథ్ కోవింద్ గారు బీహార్ గవర్నర్‌గా చేసినవారు. మీరాకుమార్ గారు లోక్‌సభ స్పీకర్‌గా చేసినవారు. మీడియా మాత్రం "దళిత్ వర్సెస్ దళిత్" అన్నది. అగ్రకులాల వాళ్లు పోటీ పడ్డప్పుడు కులం ఎందుకు మాట్లాడలేదని మీరాకుమార్ గారే అడిగారు. 1969లో వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి పోటీని మనం ఇందిరకు, సిండికేట్‌కు జరిగిన పోరు అనే చదువుకున్నాం. కులాల పోరు అని చదవలేదు.

మరి కులం పేరే రాయొద్దా? తొందరపడకండి. 1960లో దామోదరం సంజీవయ్య గారు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన తర్వాత రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మరో దళితుడు ఆ కుర్చీలో కూర్చోలేదు. కులం రాయకుంటే ఈ నిజం కనబడేదెట్లా? దాచిపెడితే కులం పోదు, అన్యాయం దాగుతుంది.

అయితే తేడా ఎట్లా తెలుస్తుంది? పుట్టుకతో ఎవరూ నీచుడు కాడు, చేసే పనితోనే అవుతాడని వసల సుత్తంలో భగవానుడు చెప్పాడు. అభయరాజకుమార సుత్తంలో మాటకు పరీక్ష చెప్పాడు: అది నిజమా? మేలు చేసేదా? సమయానికి తగిందా? మూసిన తలుపును చూపించడానికి కులం రాస్తే అది మేలు చేసే నిజం. మనిషిని ఆ ఒక్క మాటలోకి కుదించడానికి రాస్తే, నిజమే అయినా సమ్యక్ వాక్కు కాదు. కొందరి కులమే రాసి మిగతావాళ్లది వదిలేస్తే అది సగం నిజం.

పేపరోళ్లను అనే ముందు మన ఇల్లు చూసుకుందాం. 1990 సవరణతో బౌద్ధులకూ ఎస్సీ హక్కు దక్కింది. సర్టిఫికెట్‌లో కులం రాయించుకుంటాం. అది హక్కు కోసం, తప్పేం లేదు. కానీ విహారంలో వందన అయిపోంగనే "అభ్యర్థి మాలనా, మాదిగనా?" అని అడుగుతున్నామా లేదా? దీక్ష తీసుకున్న నోటితో ఆ ప్రశ్న ఎందుకు వస్తున్నది? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.

ఈసారి ఒక పని చెయ్యండి. వార్త చదివేటప్పుడు అందరి పేర్ల పక్కన కులం పెట్టి చదవండి. తర్వాత అందరిదీ తీసేసి చదవండి. అప్పుడు మిగిలేది ఆయన చేసిన పని. ఓటు దాన్ని చూసి వెయ్యండి.

జై భీమ్! నమో బుద్ధాయ!