మేకుకు వేలాడే సంచి

కాటా మీంచి పళ్ళెం ఎత్తి, అరకిలో బెండకాయలతో అలాగే ఆగి, "సంచేది బాబూ?" అంటుంది కూరగాయలామె. సంచి ఇంట్లో ఉంది. ఆమె పలచటి కవరొకటి విదిలించి, నోరు తెరిచి, కాయలు దొర్లించేస్తుంది. 120 మైక్రాన్లకన్నా పలచని క్యారీబ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధమని ఇద్దరికీ తెలుసు.

గుడ్డసంచి బరువెంతని? మడిస్తే జేబులో పడుతుంది. బరువంతా గుర్తుపెట్టుకోవడంలోనే ఉంది. పొద్దున టిఫిన్ డబ్బా, తాళాలు, ఫోను, పిల్లాడి ఫీజు, ఇన్నింటి మధ్య సంచి జారిపోతుంది. సాయంత్రానికి అలిసిన బుర్ర ఏది సులువైతే దానికే తలూపుతుంది. చాన్నాళ్ళు దాన్ని నా చిత్తశుద్ధి లోపమనుకుని నొచ్చుకున్నాను.

మా నాయనమ్మ ఇంట్లో వీధి తలుపు పక్కన మేకుకు ఓ సంచి ఉండేది. తాతయ్య పాత లాల్చీ గుడ్డతో కుట్టింది, అడుగున చింతపండు మరక. చెప్పులు తొడుక్కునే ఎవరి చెయ్యైనా దాని మీదికే పోయేది. పర్యావరణం అన్న మాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. గుర్తుపెట్టుకునే పనిని మేకుకు అప్పగించేసిందంతే. రోజువారీ చిన్నపనుల్ని అలవాటుకు వదిలేస్తే మనసుకు పెద్ద పనులకు తీరిక దొరుకుతుందని విలియం జేమ్స్ 1890లో తన మనస్తత్వశాస్త్ర గ్రంథంలో రాశాడు. అది చదివినప్పుడు నాకు ఆ మేకే కళ్ళముందు కదిలింది.

అయితే అన్నీ మేకుకు తగిలించలేం. పెరుగు ప్యాకెట్టు కడిగి పొడిచెత్తలో వేయాలి. కడక్కపోతే మర్నాటికే పులిసిన కంపు, పక్కనున్న కాగితాలూ పాడు. ఆ అరనిమిషం ప్రతిసారీ ఎవరో ఒకరు తలుచుకుని చేయాల్సిందే. మా ఇంట్లో ఏళ్ళ తరబడి ఆ ఒకరు నా భార్యే. భూమి గురించి నేను మాట్లాడుతూ ఉంటే, జ్ఞాపకం పెట్టుకునే భారమంతా ఆమె మోసింది. ఆలస్యంగానే తెలిసొచ్చింది నాకు. ఇప్పుడు రాత్రి ప్యాకెట్లు కడిగేది నేనే. చల్లటి నీళ్ళకింద ప్లాస్టిక్ మడతల్లోంచి మీగడ తరకలు వదలడం చూస్తూ నిలబడితే ఆ శ్రమ బాగానే ఉంటుంది, కాస్త నెమ్మది కూడా ఇస్తుంది.

తలుపు పక్కన మేం కూడా ఒక మేకు కొట్టాం. మొన్న సంచి ఉతికి ఆరేశాం. చెప్పులు తొడుక్కుంటుంటే నా చెయ్యి అటే పోయి ఖాళీ మేకును తడిమింది. వెనక్కి వెళ్ళి, దండెం మీంచి ఇంకా చెమ్మ ఆరని సంచినే తీసుకుని బజారుకు బయల్దేరాను.