రూపమును మార్చుకొను హక్కు

1984వ సంవత్సరమున అమెరికాలోని ఎమ్.ఐ.టి. విద్యాసంస్థలో జన్మించి, లినక్స్ తెరలకు చిరకాలము ఆధారమై నిలిచిన ఎక్స్ విండో వ్యవస్థ, విండోలకు తెరపై చోటు కల్పించునే గాని, వాని అంచులెట్లుండవలెనో, ఏది ముందు నిలువవలెనో తాను శాసింపదు. ఆ నిర్ణయమును విండో మేనేజరను వేఱొక ప్రోగ్రామునకు విడిచి తాను ఉదాసీనముగ నుండును. నిర్గుణమైన ఆధారముపై సగుణరూపముల నెన్నింటినైన నిలుపు నీ యేర్పాటును తలంచినప్పుడెల్ల, ఉపాధిభేదమును గూర్చి మన వేదాంతులు చేసిన విచారము నాకు స్ఫురించును.

1996లో మథియాస్ ఎట్రిఖ్ ప్రారంభించిన కేడీఈ అను డెస్క్‌టాప్ వ్యవస్థలో, శీర్షికపట్టీ వర్ణము మొదలుకొని, క్లిక్కు చేయకయే మౌసు చేరిన విండోకు కీబోర్డు వశమగు పద్ధతి వఱకు, వాడువాని యిచ్ఛయే ప్రమాణము. దానికి భిన్నముగ, 2011లో వెలువడిన గ్నోమ్ 3 అను మఱియొక డెస్క్‌టాప్ వ్యవస్థ మినిమైజ్ బటనునే తొలగించెను. చిత్తవిక్షేపమును తగ్గింపవలెనన్న దాని కర్తల ఆశయము గౌరవింపదగినదే.

అయినను, ఎంపికలు పెరిగిన స్వేచ్ఛ పెరుగునా? మార్చుకొను హక్కు వేఱు, మార్చుచునే యుండు తృష్ణ వేఱు. చూపు మందగించిన వృద్ధునకు పెద్ద యక్షరములును, గాఢమైన వర్ణభేదమును గల థీము, అనగా తెర రూపసజ్జ, కంప్యూటరునకు ప్రవేశద్వారమే యగును. అనుదినము థీమును మార్చువాడు మాత్రము, రూపమును వశపఱచుకొంటినని భావించుచు రూపమునకే వశుడగుచున్నాడు. అట్టివాని యశాంతిని మఱియొక థీము తీర్పజాలదని యెఱిగియు, దాని నెన్నుకొను వెసులుబాటును అన్యులు హరించుటకు నేను సమ్మతింపను.