గాత్రమునకు సమ్మతి

వాక్కును మన పెద్దలు పర, పశ్యంతి, మధ్యమ, వైఖరి అని నాలుగు విధములుగా చెప్పిరి. చెవికి వినవచ్చునది చివరిదగు వైఖరి మాత్రమే. కృత్రిమ మేధ సహాయమున సాగు 'వాయిస్ క్లోనింగ్' ఇప్పుడు ఆ వైఖరిని పట్టుకొన్నది. గాయకుని పాత రికార్డులనుండి యంత్రము నాదపు తీరును, పలుకుబడిని నేర్చుకొనును. పిదప వేరొకరు పాడిన పాటకు ఆ గళమును తొడుగును.

శ్రీ ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యం 2020 సెప్టెంబరు 25న పరమపదించిరి. 2023లో వెలువడిన 'కీడా కోలా' చిత్రమున ఆయన గళమును ఈ విధముగ అనుమతి లేక వాడిరని కుటుంబము మరుసటి ఏట నోటీసు పంపినది. 2024లోనే ఎ. ఆర్. రెహమాన్ 'లాల్ సలామ్' అను తమిళ చిత్రమున దివంగతులైన బంబా బాక్యా, షాహుల్ హమీదుల గాత్రములను ఇట్లే వినిపించి, కుటుంబముల అనుమతి పొందితిమనియు, పారితోషికము పంపితిమనియు ప్రకటించిరి. ఈ రెండవ మార్గము మేలైనదనుటలో సందేహము లేదు.

అయినను చిక్కు తీరలేదు. తండ్రి పొలము కుమారునకు వచ్చును. తండ్రి ఇష్టానిష్టములు వచ్చునా? గాయకుడు బ్రతికియుండగా మాటలు నచ్చక ఒక పాటను పాడననవచ్చును, శ్రుతి పొసగదని మార్పింపనువచ్చును. పాడుటయా, మానుటయా అను ఆ నిశ్చయము వైఖరికి ముందే లోపల జరుగును. గతించినవాని పక్షమున 'పాడను' అను మాటను ఎవరు పలుకగలరు? పాత రికార్డును మరల వినుట ఇట్టిది కాదు. అది ఆయన ఒకనాడు మనసొప్పి పాడినది.

వేకువన మన ఇండ్లలో వినవచ్చు గళములు కొన్ని కలవు. రేపు అదే గళమున, ఆ గాయకుడెన్నడును పాడని కీర్తన వినవచ్చినచో చేతులు జోడించుటకు తప్పేమి అని కొందరడుగుదురు. వినువాని భక్తికి లోపము లేదు. యంత్రనాదము విన్నను కన్నీరు రావచ్చును. కాని కీర్తనము నవవిధ భక్తులలో ఒకటి; అది చేయువాని పని. చేయనివాని పేర దానిని చేర్చుట, ఒకరు మొక్కని మొక్కును వారి పేర చెల్లించితిమని చాటుట వంటిది.

బ్రతికియున్నవారికి న్యాయస్థానము కొంత అండ నిచ్చినది. గాయకుడు అరిజిత్ సింగ్ గళమును, పేరును అనుమతి లేక వాడరాదని 2024 జూలైలో బొంబాయి హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు చేసినది. మన గాయకులు వీలునామాలో ఇల్లు, పొలములతోబాటు గళమును గూర్చియు ఒక వాక్యము వ్రాయుట మంచిది: ఏ పాటలకు, ఎవరిచేత, ఎంతవరకు, లేక అసలే వలదని. ఆ వాక్యము లేనిచోట, నా మట్టుకు నేను, వారి మౌనమును 'వలదు' అనియే చదువుకొందును.