దారి చూపడం దయా, బాకీయా?

మేరీ మోరా అమెరికాలో పేరున్న ఆర్థికశాస్త్ర ఆచార్యురాలు, లాటినా (లాటిన్ అమెరికా మూలాలున్న మహిళ). న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో చదివి, 1996లో టెక్సాస్ ఏ అండ్ ఎం నుంచి డాక్టరేట్ అందుకుని, మెక్సికో సరిహద్దు దగ్గరి టెక్సాస్-పాన్ అమెరికన్ విశ్వవిద్యాలయంలో చాలాకాలం పాఠాలు చెప్పారు. అక్కడి విద్యార్థుల్లో అత్యధికులు హిస్పానిక్ కుటుంబాల పిల్లలే ఉండేవారు. ఆ ప్రజల సంపాదన, వ్యాపారాలు, ప్యూర్టో రికో నుంచి సాగిన వలస ఆమె పరిశోధనాంశాలు. ఆమెకి దక్కిన 2015 అమెరికా అధ్యక్ష పురస్కారం మాత్రం ఆ పరిశోధనకి రాలేదు. విద్యార్థులకీ, జూనియర్ అధ్యాపకులకీ మార్గదర్శిగా ఉన్నందుకు వచ్చింది. ఒక పనికి పురస్కారం ఇచ్చామంటే, చేయకపోయినా తప్పులేదని ఒప్పుకున్నట్టే. అప్పు తీర్చినవాడికి ఎవరూ శాలువా కప్పరు.

అయినా నా ఉద్దేశంలో దారి చూపడం బాకీయే. ఆర్థికశాస్త్రంలో నిలదొక్కుకోవడానికి తెలియాల్సినవన్నీ పుస్తకాల్లో దొరకవు. డాక్టరేట్‌లో సీటు రావాలంటే గణితం ఎంతవరకు చదవాలి, పత్రిక తిప్పిపంపిన వ్యాసం మీద సమీక్షకుడి మాటల్లో దేన్ని పట్టించుకోవాలి, సిఫారసు లేఖ ఎవరిని అడగాలి, ఇవన్నీ నోటిమాటగా అందేవి. ఇంట్లోనో పెద్ద విశ్వవిద్యాలయంలోనో విన్నవాడు వాటిని తన ప్రతిభలో కలిపేసుకుంటాడు. విననివాడి వెలితి చేతకానితనంగా లెక్కకొస్తుంది. ఏ ఒక్కరూ కనిపెట్టని ఈ తెలివిడి, అందుకున్నవాడి సొంత ఆస్తి ఎలా అవుతుంది? మన సంప్రదాయంలో ఋషిఋణం ఉంది: చదువు అప్పుగా వస్తుంది, చదివీ చదివించీ తీర్చుకోవాలి. (ఆ చదువుకి ఎవరెవరిని దూరంగా ఉంచాలో కూడా ఆ సంప్రదాయమే చెప్పింది కనక, దాన్ని సగమే అరువు తెచ్చుకుంటున్నాను.)

ప్రతిభ ఉంటే ఎవరూ చెప్పకపోయినా పైకొస్తారని కొందరంటారు. దానికి ఎదురు సాక్ష్యం ఉంది. అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ మహిళా కమిటీ 2004లో జూనియర్ మహిళా ప్రొఫెసర్లకి రెండు రోజుల మార్గదర్శన శిబిరం మొదలుపెట్టింది. దరఖాస్తులు సీట్లని మించడంతో లాటరీ వేశారు. అంటే లోపలికి వెళ్లినవారికీ బయట మిగిలినవారికీ మధ్య తేడా అదృష్టమే. ఐదేళ్ల తరవాత చూస్తే, ఆ తొలి శిబిరానికి వెళ్లినవారికి బయట మిగిలినవారికంటే సగటున మూడు ప్రచురణలు ఎక్కువ. అప్పటికే డాక్టరేటూ ఉద్యోగమూ ఉన్నవారి సంగతి ఇది. లాటినాల మీద చేసిన ప్రయోగం కాదు, నిజమే. కానీ ఇంటి మొత్తంలో మొదట కాలేజీ గుమ్మం తొక్కిన అమ్మాయికి ఇదే మాటసాయం అంతకంటే తక్కువ అక్కరకొస్తుందని నమ్మడం కష్టం. తనవాళ్లని పైకి లాగడం పక్షపాతం కాదా అంటే, అవతలివారికి ముందే అందినదాన్ని ఇవ్వడం పక్షపాతం అనిపించుకోదు. ఉద్యోగాలు కొన్నే కాబట్టి ఎవరో ఒకరు నష్టపోతారు, అదీ ఒప్పుకుంటాను. పోయేది మాత్రం ఎన్నడూ తమ ప్రతిభ కాని ఆధిక్యమే.

అసలు చిక్కు మరొకటి. బాకీ అయితే ఎక్కువ అందుకున్నవాళ్లు తీర్చాలి. కానీ అది పడుతున్నది మోరా వంటివారి భుజాల మీద, వారికంటే ముందు ఆ దారిన నడిచినవారే అరుదు. ప్రమోషన్ లెక్కలో వ్యాసాలకున్న విలువ విద్యార్థులకిచ్చిన గంటలకి లేదు. కాబట్టి బాకీ వ్యక్తిది కాదు, వృత్తిది అనాలి. అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ 1974లోనే అల్పసంఖ్యాక వర్గాల విద్యార్థులకి వేసవి శిక్షణ మొదలుపెట్టిందంటే, ఈ బాకీని కొంతైనా ఒప్పుకున్నట్టే. బలవంతపు మార్గదర్శకత్వం ఉత్త తంతు అయిపోతుందని మిగిలిన అభ్యంతరం. ప్రేమని ఆజ్ఞాపించలేం, సరే. కానీ గణితం ఎంత కావాలో, లేఖ ఎవరిని అడగాలో చెప్పడానికి ప్రేమతో పనిలేదు. ప్రతి విభాగమూ రాసిపెట్టి అందరికీ ఇవ్వొచ్చు, చెప్పిన గంటల్ని పనిభారంలో కలపొచ్చు. తిరిగొచ్చిన వ్యాసం చేతిలో పెట్టుకుని చదువు మానేద్దామనుకుంటున్న పిల్లని కూర్చోబెట్టి మాట్లాడటం ఏ నిబంధనలోనూ ఇమడదు. దయ అనే మాట అక్కడినుంచే మొదలు కావాలి.